ఎందుకైనా మంచిదని మందం గ్యాస్కెట్ వెయ్యకు

ప్లెయిన్స్‌బరో, న్యూజెర్సీ
నవంబరు, ఆదివారం

కార్తీక్,

నీ బైకు ఇంజన్ ఫొటోలు చూశాను. రెండు హెడ్లూ దించావు, బోల్టులన్నీ అట్టముక్కకి గుచ్చి ఏది ఎక్కడిదో పక్కన రాసుకున్నావు. ఆ అట్టముక్క చూశాక నాకు సగం బెంగ తీరింది. వెనక సిలిండర్ గ్యాస్కెట్ నీళ్ల దారి పక్కన కాలి నల్లబడిన చోటు కూడా బాగా కనిపిస్తోంది. అమ్మినవాడు కూలెంట్ సంగతి పట్టించుకోలేదు, ఆ పాపం నీ నెత్తిన పడింది. పోనీలే, 2001 మోడల్ ఎస్‌వీ 650 ఆ ధరకి వచ్చిందంటే లోపల ఏదో ఒకటి ఉంటుందని మనకి తెలియనిదా.

ఇక నీ ప్రశ్న. గ్యాస్కెట్ మూడు మందాల్లో దొరుకుతోంది, 18 థౌ, 30 థౌ, 40 థౌ అన్నావు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). ఇండియాలో మనం పోయించిన పెట్రోలు 91, ఇక్కడ చూస్తే 87, ఇక్కడిది నాసిగా ఉంది కాబట్టి ఎందుకైనా మంచిదని 40 వేస్తానన్నావు. పైగా మీ నాన్న బుల్లెట్‌కి మేస్త్రి మందం ప్యాకింగ్ వేశాక ఇంజన్ కొట్టుకోవడం మానేసిందని సాక్ష్యం కూడా తెచ్చావు. ఒరే, ఆర్డర్ నొక్కకు. మీ నాన్న మేస్త్రి చెప్పింది ఆ బండికి నూటికి నూరుపాళ్లూ నిజం. నీ బండికి తిరగబడుతుంది. ఎందుకో చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెబితే నువ్వు మొదటి ముక్క చదివి పని మొదలెట్టేస్తావు.

ముందు పెట్రోలు సంగతి తేల్చేద్దాం, అది చిన్నది. మీ బంకులో పంపు మీద పసుప్పచ్చ స్టిక్కరుంటుంది చూడు, అంకెతో పాటు చిన్న అక్షరాల్లో ఆర్ ప్లస్ ఎమ్ బై టూ అని ఉంటుంది. ఆక్టేన్‌ని రెండు రకాలుగా పరీక్షిస్తారు. రిసెర్చ్ పద్ధతిలో పరీక్ష ఇంజన్ని నిమిషానికి 600 చుట్లు తిప్పుతారు. మోటార్ పద్ధతిలో 900 చుట్లు, అదీ లోపలికి పోయే మిశ్రమాన్ని బాగా వేడెక్కించి. రెండోది గట్టి పరీక్ష, అందుకని మార్కులు తక్కువొస్తాయి. మన దేశంలోనూ యూరప్‌లోనూ మొదటి మార్కు ఒక్కటే బోర్డు మీద రాస్తారు. అమెరికా వాళ్లు రెండింటి సగటు రాస్తారు. కాబట్టి ఇక్కడి 87, మన ఊళ్లో బెంజిసర్కిల్ బంకులో అప్పట్లో పోసిన 91 దాదాపు ఒకే సరుకు. నా మాట నమ్మకపోతే నీ బండి మాన్యువల్లో పెట్రోలు పేజీ తియ్యి, రెండు అంకెలూ ఒకే వాక్యంలో పక్కపక్కనే ఉంటాయి. మా న్యూజెర్సీలో పెట్రోలు మన చేత్తో మనం పోసుకోకూడదని 1949 నుంచి చట్టం. అయినా రూట్ వన్ మీద బంకులో కుర్రాడు బైకుని చూస్తే చాలు, ట్యాంకు మీద ఒలికితే నీ గొడవ నాకెందుకన్నట్టు నాజిల్ నా చేతికే ఇచ్చేసి పక్కకి తప్పుకుంటాడు. ఆ కాస్త తీరికలో ఆ స్టిక్కరు చదవడం అలవాటైంది నాకు.

అంటే పెట్రోలు భయం తీరింది. ఇప్పుడు మందం.

నీ ఇంజన్ బోరు 81 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 62.6. పిస్టన్ కింది నుంచి పైకి ఊడ్చే జాగా ఒక్కో సిలిండర్లో 322.6 సీసీ. కంప్రెషన్ 11.5 అని కంపెనీ లెక్క. అంటే పిస్టన్ పైకొచ్చి ఆగినప్పుడు దాని నెత్తిన మిగిలే చోటు 30.7 సీసీ మాత్రమే. టీ కొట్టులో కటింగ్ చాయంత కూడా ఉండదు. గ్యాస్కెట్ రంధ్రం 82 మి.మీ. అనుకుంటే, మందం 0.1 మి.మీ. మారినప్పుడల్లా ఆ చోటు 0.53 సీసీ మారుతుంది. ఇప్పుడున్న దానికి పావు మిల్లీమీటరు కలిపితే 11.5 కాస్తా 11.07 అవుతుంది. పావు తీసేస్తే 11.97.

ఈ లెక్క చూసి కుర్రాళ్లు రెండు రకాలుగా ఆశపడతారు. పల్చటిది వేస్తే బండి పరుగెడుతుందని కొందరు, మందంది వేస్తే చల్లగా ఉంటుందని కొందరు. నువ్వు థర్మోడైనమిక్స్ చదివావు కదా, ఒట్టో సైకిల్ సూత్రంలో ఈ అంకెలు వేసి చూడు. అర పాయింటు కంప్రెషన్‌కి తేడా వందలో ఒక వంతు. 70 హార్స్‌పవర్ బండిలో ముప్పాతిక గుర్రం. నువ్వు రాత్రిపూట ఆ బిర్యానీలు తగ్గించుకుంటే అంతకన్నా ఎక్కువ కలిసొస్తుంది. కాబట్టి కంప్రెషన్ కోసమని గ్యాస్కెట్ మందం ఎంచుకోవడం, పెంచడానికైనా తగ్గించడానికైనా, పెద్ద ప్రయోజనమున్న పని కాదు. మందాన్ని నిర్ణయించాల్సింది వేరే కొలత.

మీ నాన్న బుల్లెట్‌ని తీసుకుందాం. పాత కాస్ట్ ఐరన్ 350, బోరు 70, స్ట్రోక్ 90, 346 సీసీ. కంప్రెషన్ ఆరున్నర. హెడ్ లోపలి గది బోర్లించిన గిన్నెలా ఉంటుంది, పిస్టన్ దగ్గరగా వచ్చి తగిలే సమతలం ఎక్కడా లేదు. పైన మిగిలే చోటే 63 సీసీ. దానికి ఒక మిల్లీమీటరు మందం అదనంగా వేసినా కంప్రెషన్ 6.5 నుంచి 6.2కి దిగుతుంది, అంతే. నిప్పు అంటుకునే తీరులో మార్పేమీ ఉండదు, పోయేదేమీ లేదు. ఆ రోజుల్లో పెట్రోల్లో కిరోసిన్ కలిపి అమ్మేవాళ్లు, దాని ఆక్టేన్ అధమం, ఎక్కుడులో ఇంజన్ గలగలమని కొట్టుకునేది. మేస్త్రులు కొందరు రెండు ప్యాకింగులు కలిపి బిగించేసేవారు. ఆ ఇంజనుకి ఆ పెట్రోలుకి అది తెలివైన వైద్యమే. ఆటోనగర్లో ఆ మేస్త్రుల చేతుల్లోంచి ఎన్ని బళ్లు బతికి బయటపడ్డాయో నాకు తెలుసు, నేను వాళ్లని తప్పుపట్టను.

అదే మిల్లీమీటరు నీ ఎస్‌వీకి వేసి చూడు. 11.5 కాస్తా పదికి పడిపోతుంది. అదొక నష్టం. అసలు నష్టం అది కూడా కాదు.

నీ హెడ్ని తలకిందులుగా పెట్టి చూడు. నాలుగు వాల్వుల గుంటకి అటూ ఇటూ అంచున చదునుగా ఉన్న పట్టీలు కనిపిస్తాయి. పిస్టన్ అంచు కూడా అక్కడ చదునుగానే ఉంటుంది. పిస్టన్ పూర్తిగా పైకొచ్చేసరికి ఆ రెండు చదునుల మధ్య దాదాపు ఒక మిల్లీమీటరే సందు. రెండు అరచేతులు చరిస్తే మధ్యలో గాలి పక్కలకి చిమ్మినట్టు, ఆ సందులోని పెట్రోలు-గాలి మిశ్రమం అంచుల నుంచి ప్లగ్గు వైపు జోరుగా దూసుకెళ్తుంది. దీన్నే స్క్విష్ అంటారు. ఆ జోరుకి లోపల సుడి పుడుతుంది, మంట త్వరగా పాకుతుంది. సందులో మిగిలిపోయిన పల్చటి పొరేమో రెండు చల్లటి లోహాల మధ్య ఇరుక్కుని తనంతట తాను అంటుకునేంత వేడెక్కదు. నాకింగ్ అంటే ఏమిటి? ప్లగ్గు వెలిగించిన మంట వచ్చేలోపే మూలనున్న మిశ్రమం ఒత్తిడికి తానే పేలిపోవడం. మంట త్వరగా చేరితే, మూల చల్లగా ఉంటే పేలదు. 11.5 కంప్రెషన్ ఇంజన్ మామూలు 87 పెట్రోలుతో హాయిగా తిరుగుతోందంటే కారణం కూలెంట్ ఒక్కటే కాదు, ఈ సందు కూడా.

ఇప్పుడు నువ్వు 40 థౌ వేశావనుకో. సందు ఒకటిన్నర దాటిపోతుంది. సుడి చచ్చిపోతుంది. సందులోని పొర ఇప్పుడు లోహం చల్లార్చలేనంత దళసరిగా ఉంటుంది, పైగా మంటకి అందనంత దూరంగా మూలన కూర్చుంటుంది. కంప్రెషన్ తగ్గింది కాబట్టి నాకింగ్ తగ్గాలి, స్క్విష్ పోయింది కాబట్టి పెరగాలి. ఇంత కంప్రెషన్ ఉన్న ఇంజన్లలో చాలాసార్లు రెండోదే గెలుస్తుంది. ఎందుకైనా మంచిదని వేసింది ఏ కీడుకి భయపడ్డావో సరిగ్గా దాన్నే తెచ్చిపెడుతుంది. పోతే ఇంకో మాట, మందం పెరిగినకొద్దీ లోపలి ఒత్తిడి గ్యాస్కెట్ అంచుని నెట్టే ముఖం కూడా పెరుగుతుంది. ఇప్పటికే ఒకసారి కాలిన చోట అదేమీ కోరుకోదగ్గది కాదు.

ఈ నాకింగ్ గొడవకి నీ ఊరితో పాత చుట్టరికముంది, తెలుసో లేదో. మీ డేటన్‌లో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు తన దగ్గర పనిచేసే థామస్ మిజ్లీకి 1916లో ఈ సమస్య అప్పగించాడు. మిజ్లీ కనిపించిన రసాయనమల్లా పెట్రోల్లో కలిపి చూసి, చివరికి 1921 డిసెంబరులో టెట్రా ఇథైల్ లెడ్ దగ్గర ఆగాడు. సీసం కలిపిన పెట్రోలు ప్రపంచంలో మొదటిసారి అమ్మింది 1923 ఫిబ్రవరిలో, మీ డేటన్ బంకులోనే. ఆ కథలో రెండో అధ్యాయం మా రాష్ట్రంలో జరిగింది. నేను ఎగ్జిట్ 8ఏ దగ్గర టర్న్‌పైక్ ఎక్కి నెవార్క్ ఎయిర్‌పోర్టుకి వెళ్తుంటే ఎలిజబెత్ దగ్గర బేవే రిఫైనరీ గొట్టాలు కనిపిస్తాయి. 1924 అక్టోబరులో అక్కడ ఆ సీసం తయారుచేస్తున్న కార్మికులు మతి చలించి అరుస్తూ కొట్టుకున్నారు, ఐదుగురు చనిపోయారు. అదే నెలాఖరున మిజ్లీ న్యూయార్క్‌లో విలేకరుల ముందు ఆ ద్రవాన్ని చేతుల మీద పోసుకుని, వాసన చూసి, ఏమీ కాదని చూపించాడు. ఆ సీసం అమెరికా రోడ్ల మీంచి పూర్తిగా పోయేసరికి 1996 అయింది, మన దేశంలో 2000. మనమంతా చిన్నప్పుడు ఏలూరు రోడ్డు మీద పీల్చింది దాన్నే.

అదే కాలంలో ఇంగ్లండులో హ్యారీ రికార్డో అనే ఇంజనీరు ఇదే నాకింగ్‌ని ఇంకోవైపు నుంచి పట్టుకున్నాడు. పెట్రోలులో ఏం కలపాలని కాకుండా గది ఆకారం ఎలా ఉండాలని అడిగాడు. అప్పటి సైడ్ వాల్వ్ ఇంజన్లలో హెడ్‌ని ఒక పక్క పిస్టన్‌కి బాగా దగ్గరగా దించి, మిశ్రమం సుడి తిరిగేలా చేశాడు. అదే పెట్రోలుతో ఎక్కువ కంప్రెషన్ తట్టుకుంది. నీ హెడ్ అంచున చదును పట్టీలున్నాయే, అవి ఆ ఆలోచన మునిమనవళ్లు. వాటిని మందం గ్యాస్కెట్‌తో పనికిరాకుండా చేసి, తర్వాత ఖరీదైన పెట్రోలు పొయ్యడమంటే రికార్డోని గెంటేసి మిజ్లీని పిలుచుకోవడమే.

సరే, పనిలోకి దిగుదాం. గ్యాస్కెట్ మందం నువ్వు ఎంచుకునేది కాదు, కొలిస్తే బయటపడేది. కొలవడానికి సోల్డర్ తీగ చాలు. హోమ్ డిపోలో దొరుకుతుంది, మెత్తటిది, రెండు మిల్లీమీటర్లకి దగ్గరగా ఉండాలి. సందుకన్నా సన్నగా ఉంటే నొక్కుకోదు, ఏమీ తెలియదు. ముందు పిస్టన్ మీదా హెడ్లోనూ కార్బన్ గీకి శుభ్రం చెయ్యి, లేకపోతే మసిని కొలిచినట్టవుతుంది. పిస్టన్ని కాస్త కిందికి దించి, చిన్న తీగ ముక్కలు రెండు తీసుకుని గ్రీజుతో అంటించు. ఎక్కడంటే, పిస్టన్ పిన్ను ఏ దిక్కున ఉందో ఆ గీత వెంబడి, అటు అంచున ఒకటి, ఇటు అంచున ఒకటి. పిన్నుకి అడ్డంగా ఉన్న దిక్కున పెడితే పిస్టన్ ఊగుతుంది, ఒకవైపు ఎక్కువ ఒకవైపు తక్కువ చూపిస్తుంది. పాత గ్యాస్కెట్టే వేసి హెడ్ బిగించు, మాన్యువల్లో చెప్పిన వరసలో, చెప్పిన టార్కుకి. క్యామ్‌లు పెట్టకు, వాల్వులు మూసుకునే ఉంటాయి కాబట్టి దేనికీ తగలవు. కానీ టైమింగ్ చైన్‌ని ఒక చేత్తో పైకి లాగి పట్టుకో, వదిలేస్తే కింద క్రాంక్ స్ప్రాకెట్ దగ్గర మడతపడి ఇరుక్కుంటుంది. రెండో చేత్తో క్రాంక్‌ని నెమ్మదిగా టీడీసీ, అంటే పిస్టన్ పూర్తిగా పైకొచ్చి ఆగే చోటు, దాటించు. కొద్దిగా బిగువు తగులుతుంది, అది తీగ నలుగుతున్న బిగువు. హెడ్ విప్పి, నలిగిన తీగని దాని అతి పల్చటి చోట మైక్రోమీటరుతో కొలువు. ఇదంతా ముందు సిలిండర్‌కి వేరే, వెనక సిలిండర్‌కి వేరే. ఒకదాని అంకె రెండోదానికి వాడకు, ఒకే ఇంజన్లో రెండు బ్లాకులూ ఒకే ఎత్తున ఉన్నాయని ఎవరూ నీకు రాసివ్వలేదు.

తర్వాత ఆ పాత గ్యాస్కెట్‌నే కొలువు. అంచున ఉబ్బిన చోట కాదు, బోల్టుల కింద నొక్కుకుపోయిన చోట. కంపెనీ ప్యాకెట్ మీద రాసే మందం కొన్నిటికి బిగించక ముందుది, కొన్నిటికి బిగించాక మిగిలేది. కాంపోజిట్ రకం బిగిస్తే చెప్పుకోదగ్గంత నలుగుతుంది. మూడు నాలుగు ఉక్కు రేకుల పొరలతో వచ్చేది చాలా కొద్దిగా. రాగిది అసలు నలగదనుకో. నువ్వు చూసిన మూడూ ఉక్కు పొరలవే, అందుకని రాసిన మందమే లెక్క: 0.46, 0.76, 1.02 మిల్లీమీటర్లు.

లెక్క ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణ. పాత గ్యాస్కెట్ 0.50 అని వచ్చింది, తీగ 1.10 అని వచ్చింది అనుకో. తేడా 0.60. ఆ అరవై ఇంజన్ సొంత కొలత, దాని మీద నువ్వు వేసే గ్యాస్కెట్ కూడుతుంది. 18 థౌ వేస్తే 1.06. 30 వేస్తే 1.36. 40 వేస్తే 1.62. ఈ సైజు బోరున్న రోడ్డు బండికి నేను 0.9కీ 1.1కీ మధ్య చూసుకుంటాను. 0.75 కన్నా కిందికి దిగను. ఇంజన్ పదివేల చుట్లు తిరిగేటప్పుడు కనెక్టింగ్ రాడ్ సాగుతుంది, బేరింగుల్లో ఉన్న సందంతా పైకి తేలుతుంది, పిస్టన్ వేడికి పెరుగుతుంది. గ్యారేజీలో చల్లగా ఉన్నప్పుడు కనిపించే సందు రోడ్డు మీద అలాగే ఉండదు. రేసు బళ్లవాళ్లు ఇంకా కిందికి వెళ్తారు, వాళ్లు ఇంజన్ని సీజన్‌కి ఎన్నిసార్లు విప్పుతారో కూడా అడుగు.

నా ఉదాహరణలో జవాబు 18 థౌ అని వచ్చింది, నువ్వు అనుకున్నదానికి సరిగ్గా ఎదురుగా. నీ బండి అంకెలు వేరే రావచ్చు, 30 అని తేలితే 30 వెయ్యి, నాకేం పట్టుదల లేదు. 40 అని తేలాలంటే మాత్రం పిస్టన్ దాదాపు బ్లాకు అంచుకి సమంగా గానీ, దాన్ని దాటి గానీ పైకి రావాలి. ఎవరో బ్లాకుని ముందే బాగా చెక్కించి ఉంటే తప్ప అలా జరగదు.

చెక్కించడం గురించి జాగ్రత్త. గ్యాస్కెట్ కాలిన ఇంజన్ కాబట్టి హెడ్ వంగిందో లేదో చూడాల్సిందే. స్ట్రెయిట్ ఎడ్జ్‌ని ఐమూలగా రెండువైపులా, నిలువుగా, అడ్డంగా పెట్టి కింద ఫీలర్ గేజ్ దూర్చి చూడు. 0.05 రేకు దూరిందంటే ఫేసింగ్ కొట్టించాలి. వంపు హెడ్‌లో ఉంటే హెడ్‌కే కొట్టించు, పనిలో పని అని బ్లాకుకి కూడా కొట్టించకు. రెండూ ఒకటి కాదు. హెడ్ చదును పట్టీలు హెడ్ ముఖంతో సమానంగా ఉంటే, హెడ్ చెక్కినా స్క్విష్ సందు మారదు, గది మాత్రం చిన్నదై కంప్రెషన్ పెరుగుతుంది. బ్లాకు చెక్కితే పిస్టన్ అంతమేర హెడ్‌కి దగ్గరవుతుంది, సందే తగ్గిపోతుంది. బ్లాకు కింద ఉండే ప్యాకింగ్ మందం మారినా ఇదే లెక్క. అందుకని మెషిన్ షాపు పని అంతా అయ్యాక, కింది కొత్త ప్యాకింగ్ కూడా వేశాక, తీగ కొలత మళ్లీ తియ్యి. ముందు తీసింది అప్పుడు చెల్లదు. ఉక్కు పొరల గ్యాస్కెట్‌కి ముఖం నునుపుగా ఉండాలని షాపువాడికి నోరు విప్పి చెప్పు. గరుకుగా వదిలేస్తే నీళ్లు మళ్లీ దారి చూసుకుంటాయి. దాని మీద బంక పుయ్యకు, మన దగ్గర అలవాటుగా పూస్తారు, దీనికి పూత కంపెనీలోనే వేసి వస్తుంది.

సందు కుదిరాక ఇంకో పరీక్ష మిగిలింది, అసలు ఇంజన్లు విరగ్గొట్టేది ఇదే. హెడ్ కిందికి దిగితే వాల్వులూ దిగుతాయి. పిల్లలు ఆడుకునే మైనం బంక కొని, పిస్టన్ మీద వాల్వు గుంటల్లో ఒత్తి, పైన కాస్త నూనె రాయి. ఈసారి క్యామ్‌లు, చైన్, టెన్షనర్ అన్నీ పెట్టి, ట్యాపెట్లు సరిచేసి, చేత్తో రెండు చుట్లు తిప్పు. ఎక్కడైనా గట్టిగా అడ్డుకుంటే బలం పెట్టకు, అక్కడే ఆగి నాకు ఫోన్ చెయ్యి. విప్పి, బ్లేడుతో బంకని నిలువుగా కోసి పల్చటి చోట కొలువు. ఇన్‌టేక్ వైపు ఒక మిల్లీమీటరు, ఎగ్జాస్ట్ వైపు ఒకటిన్నర, అంతకన్నా తక్కువ ఉంటే స్క్విష్ ఎంత బాగున్నా ఆ గ్యాస్కెట్ పనికిరాదు. ఎగ్జాస్ట్ వాల్వు ఎక్కువ వేడెక్కి పొడుగవుతుంది, పైగా మూసుకుంటుంటే పిస్టన్ వెనక నుంచి తరుముకొస్తుంది, అందుకని దానికి కాస్త ఎక్కువ వదలాలి.

క్యామ్ టైమింగ్ కూడా కొద్దిగా జరుగుతుంది. హెడ్ దిగితే క్రాంక్‌కీ క్యామ్‌కీ దూరం తగ్గి, చైన్‌లో మిగిలిన వదులుని టెన్షనర్ తనవైపు లాగేసుకుంటుంది, క్యామ్ కాస్త వెనకబడుతుంది. క్యామ్ స్ప్రాకెట్ వ్యాసం 55 మి.మీ. అనుకుంటే పావు మిల్లీమీటరుకి క్రాంక్ మీద సుమారు ఒక డిగ్రీ. రోడ్డు బండికి దాన్ని పట్టించుకోనక్కర్లేదు. అర మిల్లీమీటరుకి మించి మారితే ఆలోచిద్దాం.

అన్నీ బిగించి నడిపాక, ఎండలో ఎక్కుడులో ఎప్పుడైనా గలగల వినిపించిందనుకో. అప్పుడు 89 పోసి చూడు, అదీ చాలకపోతే 93. గ్యాలన్‌కి కొంత ఎక్కువ పోతుంది, ట్యాంకు ఖాళీ అయ్యాక నిర్ణయం వెనక్కి తీసుకోవచ్చు. గ్యాస్కెట్ నిర్ణయం వెనక్కి తీసుకోవాలంటే రేడియేటర్ దగ్గర్నుంచి విప్పాలి, వెనక హెడ్‌కైతే ట్యాంకు, కార్బ్యురేటర్లు కూడా. అలాగని ఉత్తి పుణ్యానికి 93 పొయ్యకు, కొట్టుకోని ఇంజన్‌కి దానివల్ల ఒక్క గుర్రం కూడా పెరగదు.

స్ట్రెయిట్ ఎడ్జ్ మీద డబ్బు తగలెయ్యకు. థాంక్స్‌గివింగ్‌కి వస్తావుగా, రెండు హెడ్లూ బ్లాకులూ పాత దుప్పట్లో చుట్టి డిక్కీలో పడేసుకుని రా. నా గ్యారేజీలో గ్రానైట్ సర్ఫేస్ ప్లేట్ ఉంది, దాని మీద చూద్దాం. డ్రైవ్‌వేలో బండి విప్పితే మా అసోసియేషన్ వాళ్లు ఉత్తరం పంపుతారు కాబట్టి తలుపు దించుకుని హీటర్ పెట్టుకుని చేసుకోవాలి. సాయంత్రం కాస్త గాలికి తిరుగుదామంటే ఈ ఊళ్లో చూపించడానికి ఒక ఆవు సమాధి ఉంది, నవ్వకు. బోర్డెన్ పాల కంపెనీ ప్రకటనల్లోని ఎల్సీ, 1941లో లారీ ప్రమాదంలో దెబ్బతిని పోతే ఇక్కడి వాకర్-గోర్డన్ డెయిరీలో పూడ్చారు. అదే డెయిరీలో 1930లో గుండ్రంగా తిరిగే వేదిక మీద 50 ఆవులకి ఒకేసారి పాలు పితికే యంత్రం పెట్టారు. నీలాంటివాడికి ఆవు కన్నా ఆ యంత్రమే నచ్చుతుంది. బండి పూర్తయ్యాక వేసవిలో మా వైపు వస్తే బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడిలో పూజ చేయించి నిమ్మకాయలు తొక్కిద్దాం, మీ అమ్మకి నేనిచ్చిన మాట అది. ఆవిడకి మాత్రం ఇంజన్ విప్పిన ఫొటోలు పంపకు, బండి ముక్కలైందనుకుంటుంది.

ఈలోగా నువ్వు పంపాల్సినవి ఇవి. ఒక్కో సిలిండర్‌కి నలిగిన తీగ కొలతలు రెండేసి, పాత గ్యాస్కెట్ మందం, పిస్టన్ టీడీసీలో బ్లాకు అంచుకి ఎంత కింద ఆగుతోందో ఆ అంకె. అన్నీ మిల్లీమీటర్లలోనే రాయి, థౌలు కలిపితే ఇద్దరం పప్పులో కాలేస్తాం. నీ దగ్గరున్న ప్లాస్టిక్ వెర్నియర్‌తో కొలవకు, అది ఈ పనికి చాలదు. నా మైక్రోమీటరు రేపు పార్సిల్ చేస్తున్నాను, సున్నా నుంచి 25 వరకు చూపించేది. మూసినప్పుడు సున్నా దగ్గర గీత కలుస్తోందో లేదో చూసుకుని అప్పుడు తీగ పెట్టు, కలవకపోతే తేడా ఎంతో అది కూడా రాసి పంపు.

మీ అత్తయ్య అడిగినట్టు చెప్పమంది.

ఇట్లు,
మావయ్య